కాడికి ముందు వామి: తొలిసారి సేద్యపు జీవమును కట్టు చిన్న రైతునకు

నాలుగైదు ఎకరముల మెట్ట గల రైతునకు సంవత్సరములో అన్నిటికంటె విలువైన దినములు ఎన్నియని లెక్కించి చూచిన, అవి వారము పది దినములకు మించవు. అనంతపురము జిల్లాలో ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమల చాటున ఉండుటచేత నైరుతి మేఘము మన వద్దకు చేరునప్పటికి తేలికపడి ఉండును. బెళుగుప్ప ప్రాంతములో ఎర్రనేలలును, నల్లరేగళ్ళును రెండును కలవు. రేగడిలో పదును కొంత ఎక్కువ కాలము నిలుచును గాని, ఎర్రనేలలో మంచి వాన పడిన మూడు నాలుగు దినములకే పైపొర ఆరిపోవును. ఆ మూడు నాలుగు దినములలోనే వేరుశనగ విత్తనము భూమిలో పడవలెను.

సరిగా ఆ దినములలోనే ఊరిలోని ట్రాక్టరు అందరికిని కావలెను. ట్రాక్టరు గలవారు మొదట తమ పొలము విత్తుకొని, తరువాత ఇరువది ఎకరముల ఆసామి పొలము విత్తి, చివరకు మూలనున్న మూడెకరముల చేనికి వచ్చునప్పటికి పదును పోయి ఉండును. ఇందులో ఎవరిని తప్పు పట్టుటకు లేదు. చిన్న చేనిలో మలుపులు తిరుగుటకే ట్రాక్టరుకు చాల కాలము, చాల డీజిలు ఖర్చగును. ఈ కారణముచేతనే, తండ్రులు పదిహేను ఇరువది ఏండ్ల క్రిందట కాడెద్దులను అమ్మివేసిన ఇండ్లలో నేడు కొడుకులు తిరిగి ఒక జత కట్టిన ఎట్లుండునని మమ్ములను అడుగుచున్నారు. వీరిలో కొందరు బెంగుళూరులో కొన్నాళ్ళు పని చేసి వచ్చినవారు. చిన్ననాడు ఎద్దుల బండి ఎక్కినవారే గాని, ముకుతాడు చేతబట్టి చేను దున్నినవారు కారు. ఈ వ్యాసము ముఖ్యముగా అట్టివారి కొరకు.

ముందుగానే ఒక మాట చెప్పివేయుట మంచిది. మన మెట్టలో సేద్యపు జీవము పనిలో చెడదు, మేతలో చెడును. జూన్‌లో మంచి ధర పెట్టి జతను కొని, కరువు వచ్చిన మార్చి, ఏప్రిల్ నెలలలో కసువు లేక సగము ధరకు అమ్ముకొని, మరల జూన్‌లో కొనుటకు అప్పు చేయు రైతు, ట్రాక్టరు బాడుగ ఇచ్చినవానికంటె ఎక్కువ నష్టపడును. కాబట్టి ముందు వామి, తరువాతనే కాడి.

గుర్రమును కట్టరాదా?

చరవాణిలో విదేశపు చలనచిత్రములు చూచిన కొందరు యువకులు ఈ ప్రశ్న వేయుచున్నారు. ఒకే గుర్రము ముందు నడువగా ఒక మనిషి వెనుక నాగలి పట్టి దున్నుట చూడముచ్చటగా ఉండును. రెండు ఎద్దుల మేత బదులు ఒక గుర్రపు మేతతో సరిపోవును గదా యని వారి ఆలోచన. ప్రశ్న నవ్వదగినది కాదు. సమాధానము చెప్పవలసినదే.

ఇంగ్లండులోని షైరు, ఫ్రాన్సులోని పెర్షెరాన్ జాతి గుర్రములు ఒక్కొక్కటి ఎనిమిది తొమ్మిది వందల కిలోల బరువు తూగును. చల్లని దేశము, ఏపుగా పెరుగు గడ్డి, గింజకు ఓట్లు. అచ్చట గుర్రము ఎద్దుకంటె వడిగా నడచి ఎక్కువ పని చేసెను. మన దక్కనులో దొరకు తట్టువ గుర్రములు ఇంచుమించు మూడు వందల కిలోల లోపువి. అవి వలసపోవు గొర్రెల కాపరుల సామాను మోయుటకు, పట్టణములలో జట్కా లాగుటకు పనికివచ్చినవి. గట్టిపడిన నేలలో మడక లాగుట వాటికి అలవాటు లేని పని. దేశములో గుర్రములే తగ్గిపోవుచున్నవి. 2012 పశుగణనలో సుమారు 6 లక్షల 25 వేలున్న గుర్రములు, తట్టువలు, 2019 నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు దిగినవి.

అసలు భేదము కడుపులో ఉన్నది. ఎద్దు నెమరు వేయు జీవము. దాని పెద్ద పొట్టలో నూరు లీటర్లకు పైగా పట్టును. ఉదయము ఎండు చొప్ప మేసి, కాడి క్రింద నిలిచినప్పుడు, చెట్టు నీడన పండుకొన్నప్పుడు దానిని తిరిగి నమలి, అందులోని పీచునుండి బలము తీసికొనును. గుర్రమునకు నెమరు లేదు. దాని కడుపు చిన్నది, పది పదిహేను లీటర్లకు మించదు. కొద్దికొద్దిగా దినమంతయు మేయుచుండవలెను. ఎండు చొప్పపై బ్రతికి ఉండునేమో గాని పని చేయలేదు. పనికి గింజ కావలెను. బూజు పట్టిన మేత గాని, మట్టి కలిసిన వేరుశనగ కట్టె గాని తిన్నచో ఎద్దు చాలసార్లు తట్టుకొనును. గుర్రమునకు కడుపునొప్పి పుట్టి ఒక రాత్రిలో చావవచ్చును. అది వాంతి చేసికొనలేని జీవమను సంగతి చాలమందికి తెలియదు.

ఇక కాడి సంగతి. మన ఎద్దునకు మూపురము ఉన్నది. కాడిమాను దానికి ఆనుకొని నిలుచును. గుర్రము మెడపై అదే కాడిని కట్టినచో పట్టెడ గొంతునకు బిగిసి ఊపిరి ఆడదు. దానికి భుజములపై ఆను మెత్తటి కంఠపట్టము వేరుగా కుట్టించవలెను, అదియు ఆ గుర్రపు కొలతకే. అట్టివి మన సంతలలో కనబడవు. గుర్రపు గిట్టకు ఆరు ఎనిమిది వారములకు ఒకసారి చెక్కి లాడము మార్చు పనివాడు కావలెను. ధనుర్వాతము గుర్రమునకు సులభముగా సోకును గనుక ఏటేట టీకా తప్పదు. గ్లాండర్స్ అను అంటువ్యాధి తగిలినట్లు పరీక్షలో తేలినచో చట్టప్రకారము ఆ గుర్రమును చంపివేయుదురు, ఏలయన అది మనుష్యులకు కూడ సోకును.

ఇంగ్లీషువారు మన ఉలవలకు గుర్రపు గింజయని పేరు పెట్టిరి. పేరు వారిది, ఉలవలు మాత్రము ఈ మెట్టలో ఎద్దునకే దక్కుట న్యాయము. గుర్రముపై మక్కువ గలవారు స్వారికి పెంచుకొనవచ్చును. విత్తు కాలమునకు దానిని నమ్ముకొనుట మేము సలహా ఇవ్వజాలము.

మేత లెక్క

ఇప్పుడు పలక, బలపము తీసికొని కూర్చుండవలెను. మన ప్రాంతమునకు తగిన నడితరపు ఎద్దు బరువు 350 కిలోలు అనుకొందము. అట్టి ఎద్దునకు దినమునకు సుమారు 8 కిలోల ఎండు మేత కావలెను. జతకు 16 కిలోలు. నెలకు ఇంచుమించు 5 క్వింటాళ్ళు. జులై నుండి నవంబరు వరకు గట్ల మీద, బీళ్ళలో పచ్చిక దొరకును గనుక సగము మేత బయట దొరకునని అనుకొన్నను, ఆ ఐదు నెలలకు 12 క్వింటాళ్ళు, మిగిలిన ఏడు నెలలకు 34 క్వింటాళ్ళు, మొత్తము 46 క్వింటాళ్ళ ఎండు మేత సమకూర్చవలెను.

ఐదెకరములలో నాలుగెకరములు వేరుశనగ, ఒక ఎకరము జొన్న వేసితిరనుకొనుడు. మంచి ఏడు వేరుశనగ ఎకరమునకు ఏడెనిమిది క్వింటాళ్ళ కట్టె, జొన్న ఎకరమునకు పన్నెండు క్వింటాళ్ళ చొప్ప వచ్చును. అంతయు కలిపి 40 నుండి 44. ఇంచుమించు సరిపోయినది. చెడ్డ ఏడు? కట్టె ఎకరమునకు మూడు క్వింటాళ్ళు, చొప్ప ఆరు. మొత్తము 18. డిసెంబరులో ఆ వామిని విప్పినచో దినమునకు 16 కిలోల చొప్పున 112 దినములు వచ్చును. అనగా మార్చి నెల చివరకు, ఉగాది పండుగనాటికి, కొట్టము ముందు నేల కనబడును. వాన పడి కసువు మొలచుటకు ఇంకను మూడు నెలలు.

మన జిల్లాకు చెడ్డ ఏడు అతిథి కాదు, ఇంటి మనిషి. 1876 నుండి 1878 వరకు నడచిన ధాత కరువునాటికి అనంతపురము ఇంకను బళ్ళారి జిల్లాలో భాగముగా ఉండెను. వేరు జిల్లా అయినది 1882లో. ఆ కరువులో మనుష్యులతోపాటు పశువులు పెద్ద సంఖ్యలో చచ్చినవి. వాన పడిన తరువాత కూడ దున్నుటకు ఎద్దులు లేని ఇండ్లకు కరువు మరియొక ఏడు సాగినట్లే అయ్యెను. 2002లో దేశమంతట వానలు తప్పినప్పుడు పడిన పాట్లు నేటి పెద్దలకు జ్ఞాపకమే.

కావున మంచి ఏటి కట్టెను చూచి జతను కొనరాదు. ఒక చెడ్డ ఏటికి సరిపడు మేత, అనగా కనీసము 25, 30 క్వింటాళ్ళు, అదనముగా వామి వేసి ఉండవలెను. ఇది ఒక్క ఏటిలో సమకూరదు. ఎద్దులు లేని ఏడే అందుకు మంచి అదను. ఈ ఏడు కట్టెను అమ్మక ఉంచుకొనుడు. జొన్న ఎకరమును ఎకరమున్నర చేయుడు. కాలువ క్రింద వరి కోత జరుగు ఊళ్ళలో గడ్డి చవుకగా దొరకు వారములలోనే కొని తెచ్చుకొనుడు; వేసవిలో అదే గడ్డికి ధర ఎంత పలుకునో చెప్పనక్కరలేదు. హంద్రీ–నీవా నీరు జీడిపల్లి జలాశయమునకు చేరిన తరువాత మన మండలములోనే కొందరికి పచ్చిమేత పెంచు అవకాశము కలిగినది. బోరు గలవారు పది సెంట్లలో పచ్చి జొన్న గాని, గట్ల వెంబడి అవిశ, సుబాబులు గాని పెంచినచో ఎండు మేతపై బరువు తగ్గును.

వామిని నేలపై వేయరాదు. రాళ్ళు, కట్టెలు పరచి ఎత్తు చేసి, పైన వాన జారునట్లు కొప్పు కట్టవలెను. వేరుశనగ కట్టెను పూర్తిగా ఎండిన తరువాతనే, వేళ్ళకు అంటిన మట్టిని దులిపి వేయవలెను. తడి కట్టె లోపల వేడెక్కి బూజు పట్టును. ఆ బూజు కాలేయమును పాడుచేయును. చొప్పను నరికి వేయుట మరువరాదు. నిలువు చొప్ప వేసినచో ఎద్దు ఆకులు తిని కాడలు త్రొక్కివేయును. చేతితో త్రిప్పు చొప్ప కత్తిరించు యంత్రము నలుగురు రైతులకు ఒకటి చాలును.

వరిగడ్డి, ఎండు చొప్ప బలము తక్కువైనవి. యూరియా మాగుడు వలన కొంత బలము చేకూరును. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో కప్పి 21 దినములు ఉంచవలెను. తీసిన గడ్డిని ఒక గంట ఆరబెట్టి, మొదటి వారము మామూలు గడ్డితో కలిపి అలవాటు చేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. మిగిలిన యూరియా నీళ్ళను ఎద్దులు త్రాగు తొట్టి దరిదాపులకు రానీయకుడు. అది విషము.

జొన్న నాము

కరువు ఏడు వామి తరిగినప్పుడు రైతు కన్ను సహజముగ చేనిలో వాడుచున్న జొన్న పైరుపై పడును. ఇచ్చటనే ఎక్కువ జీవములు పోవును. పూతకు రాని లేత జొన్నలోను, వాన లేక వాడిన పైరులోను, కోసిన తరువాత మోడునుండి చిగిర్చిన పిలకలలోను నాము ఉండును. కడుపులో అది సైనైడు విషముగా మారును. ఆకలిగొన్న ఎద్దు పదిహేను నిముషములు మేసిన చాలును. ఎగశ్వాస పుట్టి, నోట నురుగు వచ్చి, వణకి, కాళ్ళు బిగిసి పడిపోవును. పలుమార్లు గంట లోపలనే ప్రాణము పోవును.

దీనికి విరుగుడు సూదిమందు పశువైద్యుని వద్ద ఉన్నది, సమయమునకు అందినచో బ్రతికించును. అయితే పొలమునుండి వైద్యుని వద్దకు పోవు కాలము కూడ చాలదు గనుక తప్పించుకొనుటయే మందు. జొన్న పూత తీసిన తరువాతనే పచ్చిగా కోయుడు. కోసిన పైరును పూర్తిగా ఎండబెట్టిన విషము చాలవరకు పోవును. వాడిన చేను పక్కన ఎద్దును పలుపు వదులుగా కట్టి భోజనమునకు పోరాదు. కొత్తగా పశువును కట్టువారికి ఇంటి పెద్దలు చెప్పవలసిన మొదటి మాట ఇదియే.

సంతలో

జాతుల గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒంగోలు ఎద్దు ఘనమైనది, చూచుటకు రాజసము. దాని మేతయు అంతే ఘనము. మన మెట్టకు కర్ణాటకపు హళ్ళికార్ గాని, ఆ రక్తము కలిసిన నాటు ఎద్దు గాని తగును. ఒళ్ళు తేలిక, గిట్ట గట్టి, నడక వడి. మైసూరు పాలకుల సైన్యమునకు ఫిరంగులు, సామాను లాగిన అమృతమహల్ కూడ ఈ కోవలోనిదే. హళ్ళికార్ జతలకు దొడ్డబళ్ళాపురము వద్ద ఘాటి సుబ్రహ్మణ్య జాతర పేరుపొందినది. తొలిసారి కొనువారు అంతదూరము పోనవసరము లేదు. ముప్పది మైళ్ళ లోపల, అమ్మువాని ఊరు, అతని చేను చూచి కొనగలిగినచో అంతకంటె మంచిది లేదు.

వయస్సు పళ్ళనుబట్టి తెలియును. ఎద్దునకు పై దవుడ ముందు భాగమున పళ్ళు ఉండవు, వెదుకవద్దు. క్రింద ఎనిమిది. రెండేండ్లు దాటిన తరువాత నడుమ రెండు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వచ్చును. ఆపైన జత తరువాత జత వచ్చి, నాలుగేండ్ల ప్రాయమునకు ఎనిమిది పళ్ళు నిండును. పూర్తి పనికి అప్పుడే తగును. బాగుగా చూచుకొన్నచో పది పన్నెండేండ్ల ప్రాయము వరకు పని చేయును. కొత్త రైతు కోడెలను కొనరాదు. పని నేర్వని మనిషి, పని నేర్వని కోడె కలిసినచో చాలు తీసిన గీత పామువలె పోవును, కోపము మాత్రము ఇద్దరికిని వచ్చును. అయిదారేండ్ల ప్రాయముగల, కాడికి అలవాటుపడిన జతనే చూడవలెను.

సుడులను గూర్చి పెద్దలు చాల చెప్పుదురు. ఫలానా చోట సుడి ఉన్న ఎద్దు ఇంటికి రాదనుటచేత దాని ధర తగ్గును. పశువు బలమునకు, సుడికి సంబంధము లేదు. గిట్టలు బాగుండి, సుడి మాత్రమే చెడ్డదైన జత దొరికినచో చిన్న రైతునకు అది లాభమే. మీరు చూడవలసినవి వేరు. మెడపై మానిన పుండు మచ్చ గట్టిపడి ఉన్నదా? రాతినేలపై నడిపించినప్పుడు ఏ కాలైనను తేలికగా మోపుచున్నదా? మేత వేసిన వెంటనే మేసి, తరువాత నెమరు వేయుచున్నదా? ముకుతాడు పట్టగానే తల విదిలించుచున్నదా? కాడి కట్టి ఒక చాలు దున్నించి చూపుమనుడు. చూపుటకు వెనుకాడువాని వద్ద కొనవద్దు. దళారులు తువ్వాలు చాటున వ్రేళ్ళు పట్టుకొని ధర మాటలాడుదురు. ఆ లెక్క మీకు తెలియనిచో తెలిసిన పెద్దను వెంటబెట్టుకొని పొండు, లేదా నోటితో చెప్పుమని గట్టిగా అడుగుడు. ఇందులో నామోషీ లేదు.

కొనుటకు ఉగాది ముందు కాలము మంచిది. మృగశిర కార్తె నాటికి రెండు నెలలు కలిసివచ్చును. ఏ మాటకు కదలునో, ఏ మాటకు నిలుచునో, దాపట ఏది, వలపట ఏదియో అమ్మువానినే అడిగి నేర్చుకొనవలెను. స్థానము మార్చిన ఎద్దు కొన్ని దినములు తికమకపడును.

ఒక జత మేత తనకు మించినదని లెక్కలో తేలినవారికి వేరొక దారి కలదు. పొరుగు రైతుతో కలిసి చెరియొక ఎద్దును పెంచి, పనినాడు రెంటిని జత కట్టుకొనుట. ఐదెకరముల మెట్టలో జతకు సొంత పని ఏడాదికి 35 దినములకు మించదు. మడకతో ఎకరము దున్నుటకు రెండు దినములు, గుంటక పాయుటకు గాని గొర్రుతో విత్తుటకు గాని దినమునకు మూడెకరములు, దంతె తోలుట, ఎరువు తోలుట, పంట ఇంటికి చేర్చుట, అంతయు కలిపి అంతే. మిగిలిన 330 దినములు ఊరక మేయుచుండును. కాబట్టి చెరి సగము అన్నది చిన్నతనము కాదు. ఎవరి చేను ముందు విత్తవలెనన్న తగవు రాకుండ, ఒక ఏడు ఒకరు, మరుసటి ఏడు ఒకరు ముందని మొదటనే మాట అనుకొనవలెను.

కాడి క్రింద

ఎద్దు తన బరువులో పదవ వంతు బలముతో గంటల తరబడి లాగగలదు. రెండు ఎద్దుల శక్తి ఇంచుమించు ఒక అశ్వశక్తి. అంతకు మించిన లోతున మడక అదిమిపట్టినచో మొదటి గంటలో పని వడిగా సాగినట్లు కనిపించి, మధ్యాహ్నమునకు జత నిలిచిపోవును.

ఎద్దులు సమాన బలము గలవి కానప్పుడు కాడిమానుకు నాగలి కట్టు స్థానమును బలమైన ఎద్దు వైపు రెండు వ్రేళ్ళ మందము జరుపవలెను. అప్పుడు దానిపై ఎక్కువ బరువు పడి బలహీనమైనదానికి తేలిక అగును. ఎత్తులో తేడా ఉన్నచో మాత్రము ఈ ఉపాయము చాలదు. కాడి వాలి పొట్టిదాని మెడ ఒరసుకొనిపోవును. కాడిమాను క్రిందివైపు గాజువలె నునుపుగా ఉండవలెను. రెండు నెలలు పని లేని మెడ మెత్తబడి ఉండును. విత్తనమునాడే తొలిసారి కాడి వేసినచో మూడవనాటికి పుండు పడును. సరిగా పదునున్న దినముననే జత కొట్టములో నిలుచును. మే నెల చివరి వారమునుండి దినమునకు గంట, రెండు గంటలు తేలిక పని చేయించి మెడను గట్టిపరచవలెను.

భారవాహక పశువుల నియమములు 1965లో ఏర్పడినవి. వాటి ప్రకారము దినమునకు తొమ్మిది గంటలకు మించి గాని, విశ్రాంతి లేక ఒకేసారి ఐదు గంటలకు మించి గాని పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటు చోట మధ్యాహ్నము 12 నుండి 3 వరకు కట్టరాదు. మన ఎండలలో ఇది చట్టమునకు భయపడి కాక జత మేలు కోరి పాటించవలసిన నియమము. తెల్లవారుజామున కట్టి పది పదిన్నరకు విడిచి, మరల మూడున్నరకు కట్టిన సరిపోవును.

పని దినములలో ఒక్కొక్క ఎద్దునకు ఉడికించిన ఉలవలు గాని, వేరుశనగ చెక్కయు తవుడును కలిపి గాని కిలో నుండి రెండు కిలోల వరకు, ముప్పది గ్రాముల ఉప్పుతో పెట్టవలెను. ఇది విత్తు కాలమునకు నెల ముందే మొదలుపెట్టవలెను. వేసవిలో పని చేయు ఎద్దు దినమునకు 50 లీటర్ల వరకు నీరు త్రాగును. జతకు నూరు లీటర్లు. తొట్టి నింపు పని ఇంటిలో ఎవరిదో ముందే తేల్చుకొనుడు. చాల ఇండ్లలో ఆ బిందెలు ఆడవారి నెత్తిపైననే వచ్చుచున్నవి.

మెత్తని చేనిలో మాత్రమే పని చేయు ఎద్దునకు లాడములు అక్కరలేదు. తారు రోడ్డుపై బండి తోలినచో తప్పవు. గిట్ట రెండుగా చీలి ఉండుటచేత ఒక్కొక్క కాలికి రెండు, ఎద్దునకు ఎనిమిది ముక్కలు కావలెను.

వానలకు ముందు మే, జూన్ నెలలలో గొంతువాపు, జబ్బవాపు టీకాలు, ఏడాదికి రెండుసార్లు గాలికుంటు టీకా వేయించవలెను. టీకా వేసిన కొన్ని దినములు బరువు పని పెట్టరాదు గనుక విత్తుటకు ముందుగానే ముగించుకొనుడు. గాలికుంటు సోకిన ఎద్దు బ్రతికినను, తరువాత ఎండకు తాళలేక రొప్పుచు పనికి కొరగాకపోవుట కలదు. ఒకనాడు ఊళ్ళను ఊడ్చిన ముసర వ్యాధి టీకాల వలననే 2011లో ప్రపంచమునుండి పూర్తిగా తొలగిపోయినది. ఇప్పుడు ముద్దచర్మ వ్యాధి కొత్తగా వచ్చినది. 2022లో ఉత్తర, పశ్చిమ రాష్ట్రములలో చాల పశువులు పోయినవి. ఒంటిపై గడ్డలు, జ్వరము కనిపించిన ఎద్దును వెంటనే వేరుగా కట్టి, కొట్టములో ఈగలు, దోమలు లేకుండ పొగ వేయవలెను.

కొన్న వారములోపల పశువైద్యశాలకు తోలుకొనిపోయి చెవికి పన్నెండు అంకెల ట్యాగు వేయించుకొనుడు. పాత ట్యాగు ఉన్నచో అమ్మినవాని పేరునుండి మీ పేరునకు మార్పించుకొనుడు. ట్యాగు లేని ఎద్దునకు బీమా చెల్లింపు దొరకదు. ఎద్దు పడిపోయినప్పుడు 1962 నెంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమునకు కబురందును. ఆ నెంబరును, ట్యాగు అంకెలను బొగ్గుతోనైనను కొట్టపు గోడపై వ్రాసి ఉంచుడు. మీరు ఊరిలో లేని దినమున ఇంటిలోనివారికి కనబడుచుండును.